రెండంగుళాలు ఎడమకి

చిలకలూరిపేట రోడ్డులో ఖాళీ కోల్డ్ స్టోరేజి.
టిక్కీలన్నీ యార్డుకి తరలిపోయినా
ఘాటు మాత్రం అద్దె కట్టకుండా ఉండిపోయింది.
గోడలకి నల్లగుడ్డ కట్టారు, క్రేనుకి కెమెరా కట్టారు,
గుంటూరు మొత్తంలో గురి ఎవరిదో తేల్చే ఆట.
గెలిస్తే పాతిక లక్షలు.

నా ఉద్యోగం బోర్డు వెనక.
ఇసుక మూటల చాటున కూచుని
కాగితం మార్చటం, చిల్లు కొలవటం,
చెయ్యెత్తి అంకె చూపటం.
కాల్చే మనిషి మొహం నాకు కనపడదు.
కాగితంలో ఠప్పున ఒక వెలుగు చుక్క పుడుతుంది,
అంతవరకే మా పరిచయం.

మొదటిరోజే తెలిసిపోయింది,
ఇక్కడ గురికి శత్రువు గాలి కాదు, తుమ్ము.
మూడు పోలీసు పతకాల వీరరాఘవులు గారు
ఊపిరి బిగబట్టి వేలు వంచే క్షణానికి
పోయినేడాది మిరపకాయ ఒకటి ఆయన ముక్కులో నిద్రలేచింది.
గుండు పోయి లైటుకి తగిలింది.
మళ్ళీ తీద్దామన్నారు. మళ్ళీ తీశారు.
మూడోసారి డైరెక్టరే నా గుంటలోకి వంగి
చేతిలో స్క్రూడ్రైవరు పెట్టాడు.
"పది మీద పొడిచెయ్, అన్నా."
పొడిచాను.
ఆ పూట నా బిర్యానీలో రెండు ముక్కలు ఎక్కువ పడ్డాయి.

ఏడోవారం జాన్‌బీ వచ్చింది.
తిరునాళ్ళల్లో బెలూన్ల చెక్క నడుపుకునే మనిషి.
కోటప్పకొండ, గుణదల, పెదకాకాని ఉరుసు,
ఇరవై రూపాయలకి పది గుళ్ళు.
ఎర్ర బెలూనంటే ఎర్రది, పచ్చదంటే పచ్చది,
అద్దంలో చూస్తూ భుజం మీంచి వెనక్కి కూడా.
తిరునాళ్ళు లేని నెలల్లో తొడిమలు తీసే కూలి గనక
తుమ్ము ఆమె జోలికి పోలేదు.

జర్మనీ తుపాకీ ఇచ్చారు, నూనె వాసన కూడా పోనిది.
మూడు చప్పుళ్ళు విన్నాను.
కాగితానికి ఒకటే చిల్లు.
మిగతా రెండూ ఆకాశానికి పోయాయనుకున్నా.
ఇసుకలో వేలు పెట్టి కెలికితే
ఒకదాని వీపు మీద ఒకటి
అతుక్కుని మూడు గుళ్ళు, ఇంకా వేడిగా.
చిల్లు మాత్రం నడిమధ్యన లేదు.
రెండంగుళాలు ఎడమకి.

అంకె, అంకె, అని మైకులో కేకలు.
ఐదు చూపించాను.
స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది.
ఈసారి ఎవరూ పొడవమనలేదు.
నా అంతట నేను పొడిచుంటే
ఆ ఒక్క చిల్లునీ అవమానించినట్టని ఆగానో,
ఉద్యోగానికి భయపడి ఆగానో,
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆదివారం రాత్రి టీవీలో చూశాను.
తుమ్ముని జయించినా
కళ్ళు ఎవరికైనా కారతాయి కదా,
ఆ మిరప నీళ్ళకి వయొలిన్ కలిపి
పేదరాలి కన్నీళ్ళని చూపించారు.
ఒత్తిడి తట్టుకోలేకపోయిందని
జడ్జీ తల అడ్డంగా ఊపాడు.
మధ్యలో వంటనూనె ప్రకటన.

ఉరుసుకి వెతుక్కుంటూ పోయాను.
చెక్క ముందు చెంగున ఎగురుతున్న పిల్లాడికి చెబుతోంది:
"ఇది కుడికి లాగుద్ది నాయనా, కాస్త ఎడమకి పట్టు."
నేను నిలబడ్డ చోటే నిలబడిపోయా.
ఇరవై రెండేళ్ళ కాపరమంట ఆ తుపాకీతో,
మొగుడు పోయినా అది పోలేదంట.
"మరి ఆ రోజు?" అన్నాను.
"వాళ్ళది తిన్నగా ఉంది. నాకు తెలీలా."

చొక్కా జేబులోంచి కాగితం తీసిచ్చాను.
మడతలు విప్పి బల్బుకి అడ్డం పెట్టి చూసింది.
చిల్లులోంచి జారిన వెలుగు చుక్క
ఆమె బుగ్గ మీద, మశూచి మచ్చ పక్కన పడింది.
కాల్చిన మనిషి మొహం
నేను చూడటం అదే మొదలు.

కాగితం తిరిగివ్వలేదు. బెలూన్ల వెనక మేకుకి గుచ్చింది.
"ఊరికే నిలబడతావా, ఇరవై తియ్" అంది.
ఎడమకి పట్టమని చెప్పింది కూడా.
పదికి పదీ తప్పాను.